వెనక ఏనుగు లేని పరుగు

హోసూరులో మా ఇంటికి దగ్గరగా ఉన్న చెరువుగట్టు మీద నడిచేవాళ్ళ కోసం బాట వేసినప్పటి నుంచి, తెల్లవారేసరికి అక్కడికి చేరుకోవడం నాకు అలవాటైపోయింది. నిన్న కూడా అలాగే వెళ్ళి, సిమెంటు బెంచీ మీద కూర్చుని బూట్ల తాళ్ళు బిగించుకుంటూ ఉండగా, కాలేజీ వయసు అమ్మాయి ఒకతె చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నా ముందు నుంచి ఒక్క ఊపున పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయింది. నేను ఆ అమ్మాయిని చూడలేదు, ఆమె ఎటునుంచి వచ్చిందో ఆ దిక్కుకు తల తిప్పి చూశాను. అక్కడ ఒక పాలబండి, బండి పక్కన ఒళ్ళు విరుచుకుంటున్న కుక్క తప్ప ఇంకేమీ లేవు. నాలో నేనే నవ్వుకున్నాను. డెంకణికోట అవతల, అడవి అంచు పల్లెల్లో పుట్టి నా వయసుకు వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, పరిగెత్తే మనిషిని చూస్తే ముందు ఆ మనిషి వెనక ఏముందో చూస్తారు. మాకు పరుగంటే వ్యాయామం కాదు, కబురు. ఏనుగు వచ్చిందన్న కబురు.

ఆ కబురు లేకుండా పరిగెత్తడం ఎలాగో నేను నలభై నాలుగో ఏట నేర్చుకున్నాను. అప్పటికి హోసూరులోని ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో పని. పల్లెలోనే కాపురం, కంపెనీ బస్సులో రాకపోకలు. మాది గొర్రెలు కాచుకుని బతికిన ఇల్లు, నాది పదో తరగతి చదువు. కానీ లెక్కలంటే మొదటి నుంచీ ఇష్టం కావడంతో, స్టోర్సులో పాత చిత్తు కాగితాల మీద కూడికలూ శాతాలూ నాకు నేనే సాధన చేసుకుని, కొన్నాళ్ళకు ఇంజనీర్లు కూడా లెక్కల మిషను పక్కన పెట్టి నన్ను నోటిలెక్క అడిగేంతవాణ్ణి అయ్యాను. ఏ సంగతి విన్నా దాన్ని అంకెల్లోకి మార్చుకుంటే తప్ప నాకు మనసున పట్టదు. ఇంట్లో మా ఆవిడ దీన్ని జబ్బనేది. పెళ్ళికి వెళితే పందిట్లో వరుసలు లెక్కపెట్టి ఎన్ని ఆకులు లేస్తాయో చెప్పేవాణ్ణి కాబట్టి ఆమె అన్నదాంట్లో తప్పు కూడా లేదు.

ఆ ఏడు ఫ్యాక్టరీలో లిఫ్టు చెడిపోయి, పై అంతస్తుకు మెట్లెక్కి వెళ్ళాల్సి వచ్చింది. పైకి చేరాక అక్కడున్న ఆఫీసరు ఏదో అడిగితే జవాబు చెప్పడానికి నోరు తెరిచాను గానీ మాట బయటికి రాలేదు, గాలి ఒక్కటే వచ్చింది. ఆయన కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. కూర్చున్నాను. కూర్చున్నాక భయం పట్టుకుంది, ఎందుకంటే మా నాయన కూర్చున్నది కూడా ఇలాగే.

మా నాయన మంద వెంట రాయకోట దాకా నడిచి, మళ్ళీ అడవి అంచు పట్టుకుని తిరిగి వచ్చిన మనిషి. నలభై ఎనిమిదో ఏట ఊపిరి ఆడక ఒకరోజు అరుగు మీద కూర్చున్నాడు, అంతే, మళ్ళీ మంద వెంట వెళ్ళలేదు. అప్పటి నుంచీ ఆ అరుగే ఆయన లోకం. మాట్లాడితే మాట మధ్యలో తెగేది. రెండు మాటలు, ఒక ఆయాసం, మళ్ళీ రెండు మాటలు. ఆయన తండ్రి కూడా ఇంచుమించు అదే వయసులో అరుగెక్కాడని మా చిన్నాయన చెప్పేవాడు. నాకు నలభై నాలుగు. ఈ తీసివేత చేయడానికి లెక్కలు రానక్కర్లేదు.

కృష్ణగిరిలో డాక్టరుకు చూపించుకుంటే, ఆమె అన్ని పరీక్షలూ చేయించి, లోపల జబ్బేమీ లేదనీ, ఊపిరికి పని చెప్పక చాలాకాలమైందనీ, నిదానంగా మొదలుపెట్టమనీ అంది. ఆ నిదానంగా అన్న మాట ఆ రోజు నా చెవిన పడినా లోపలికి దిగలేదు. అప్పుడు మా అమ్మాయి కృష్ణగిరిలోనే హాస్టల్లో ఉండి చదువుకుంటూ ఉండేది. బస్టాండులో నన్ను బస్సెక్కించడానికి వచ్చినప్పుడు, అక్కడ కొత్తవాళ్ళ కోసం ఒక పోటీ పెడుతున్నారనీ, దాన్ని ట్రయథ్లాన్ అంటారనీ, ముందు ఈత, తర్వాత సైకిలు, చివర అయిదు కిలోమీటర్ల పరుగు, మధ్యలో ఆగకుండా ఒకదాని వెంట ఒకటి చేయాలనీ చెప్పింది.

"నీకు ఈతొచ్చు, సైకిలొచ్చు. మూడింట్లో రెండు ముందే అయిపోయినాయి కద నాన్నా!" అంది.

నాలాంటివాణ్ణి పడగొట్టడానికి ఆ ఒక్క భిన్నం చాలు. నిజమే కదా, నడుముకు సొరబుర్ర కట్టి మా చిన్నాయన మమ్మల్ని చేని బావిలోకి తోసిన నాటి నుంచి ఈత వచ్చు. ఉద్యోగం దొరికిన కొత్తలో కంపెనీ బస్సు మా పల్లెకు వచ్చేది కాదు గనుక డెంకణికోట దాకా సైకిలు తొక్కినవాణ్ణే. మిగిలింది మూడో వంతు. బస్సు కదిలేలోపే పేరు రాయించమని చెప్పాను. రాయకోట రోడ్డు దాటేసరికి లెక్క కూడా కట్టేశాను. రోడ్డు పక్క రెండు కరెంటు స్తంభాల మధ్య దూరం ఎంతో నాకు తెలుసు. ఆ దూరం పరిగెత్తడానికి పట్టే సమయాన్ని స్తంభాల సంఖ్యతో గుణిస్తే, కాలేజీ కుర్రవాళ్ళకు కూడా నేను అందనని తేలింది. గుణకారానికి ఊపిరి అక్కర్లేదన్న సంగతి మాత్రం ఆ లెక్కలో ఎక్కడా లేదు.

మర్నాడు తెల్లవారుతూండగా, పల్లె చివర రాగి చేల పక్క రోడ్డు మీదికి వెళ్ళి పరుగందుకున్నాను. అది రాగి కోతల కాలం. ఆ కాలంలో మా ఊళ్ళో ఎవరూ పూర్తిగా నిద్రపోరు. ఒక చెవి ఎప్పుడూ అడవి వైపే ఉంటుంది. నాకు పుట్టి బుద్ధెరిగి తెలిసిన పరుగు ఒకటే, ఏనుగు ముందు పరుగు. చేతులు ఎలా పడితే అలా విసురుతూ, నోరు బిగించి, వెనక్కి చూడకుండా, ఉన్న ఊపిరంతా ముందే ఖర్చుపెట్టే పరుగు అది. ఆ తీరులోనే చేల వైపు నుంచి ఊళ్ళోకి దూసుకొచ్చాను. ఇంకేముంది, మొదటి ఇంట్లో రేకుడబ్బా మోగింది. రెండో ఇంట్లో పళ్ళెం మోగింది. మంచె మీద ఉన్నవాళ్ళు టపాకాయలు పేల్చారు. పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్ళు మిద్దెలున్న ఇళ్ళలోకి పరిగెత్తారు, మగవాళ్ళు కాగడాలతో చేల వైపు పరిగెత్తారు. వాళ్ళంతా నన్నే అడుగుతున్నారు.

"యాడప్పా, యాడ? ఎన్ని ఉండాయి?"

"యా పక్క పోయినాయి రా, చెప్పు!"

చెప్పడానికి నాకు ఊపిరి ఉంటే కదా. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడి చేత్తో లేదు లేదని ఊపితే, అది అటుపక్క, అటుపక్క అని చూపించినట్టయింది. సగం ఊరు అటు ఉరికింది.

ఆ గందరగోళంలో తలెత్తి చూసినప్పుడు నాకు కనిపించింది ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. ఏళ్ళ తరబడి వాకిలి దాటని మా నాయన, ఒక చేత్తో గొర్రెల కర్ర పట్టుకుని, ఇంకో చేత్తో గోడ పట్టుకుంటూ రోడ్డు మలుపు దాకా వచ్చేశాడు. నన్ను దాటి, నా వెనక ఉన్నదాని వైపు కర్ర ఎత్తాడు. నా వెనక ఏమీ లేదు. ఆయనకు అది తెలియదు. అక్కడే కూలబడ్డాడు. ఇద్దరం ఎదురెదురుగా రోడ్డు మీద, మాట్లాడలేక, ఒకరి ఆయాసం ఒకరం వింటూ ఉండిపోయాం.

ఆయనను మంచానికి చేర్చి, ఊపిరి కుదురుకున్నాక జరిగిన పంచాయతీ గురించి చెప్పాలి. ఊరికే పరిగెత్తానని నేను చెప్పినా ఎవరూ నమ్మలేదు.

"ఊరికే ఎవడన్నా పరిగెత్తుతాడా రా? నీకేమన్నా తల తిరుగుతా ఉందా?" అన్నాడు చిన్నాయన.

పక్కింటి అవ్వ అయితే కొడవలి తెచ్చి నా ముందు పెట్టింది. "కూడు అరగకపోతే మా చేన్లో రాగులు కొయ్యి నాయనా. కూలిస్తా, సంగటి కూడా పెడతా," అంది. ఏడుస్తున్న పసివాళ్ళు కూడా నవ్వారు.

మా ఆవిడ నవ్వలేదు. మామకు ఏమన్నా అయ్యుంటే ఏం చేసేవాళ్ళమని ఒక్క మాట అడిగి లోపలికి వెళ్ళిపోయింది. చిన్నాయన తీర్పు చెప్పేశాడు, ఇక మీద ఈ ఊళ్ళో పరుగులు లేవని. నేనూ తల ఊపాను. తల ఊపుతూనే మెట్ల మీద రాని మాట గుర్తొచ్చింది, ఆఫీసరు చూపించిన కుర్చీ గుర్తొచ్చింది, మిగిలిన నాలుగేళ్ళు గుర్తొచ్చాయి. అప్పుడు మంచం మీద నుంచి నాయన చెయ్యెత్తాడు. ఆయన మాట్లాడటానికి సమయం పడుతుందని అందరికీ తెలుసు గనుక అందరం ఆగాం.

"పరిగెత్తనీ." కాసేపు ఊపిరి. "నోరెత్తక గమ్మున పరిగెత్తితేనే భయం." మళ్ళీ ఊపిరి. "ఏమీ లేదు, ఏమీ లేదని... అరుచుకుంటా పొమ్మను."

మా వైపు చీకట్లో అడవి పక్క నడిచేవాళ్ళు గట్టిగా మాట్లాడుకుంటూ నడుస్తారు. మనిషి వస్తున్నాడని ఏనుగుకు తెలియాలని. నాయన చెప్పింది దాన్ని తిప్పి పెట్టడమే, ఏనుగు రాలేదని మనుషులకు తెలియాలి. ఊరు ఒప్పుకుంది. ప్రతి ఇంటి ముందూ అరవాలి, లోపలివాళ్ళు జవాబిచ్చేదాకా అరవాలి అన్న షరతు అవ్వ పెట్టింది.

అలా మొదలైంది నా సాధన. మొదటి వారం సిగ్గుతో చచ్చిపోయాను. రెండు స్తంభాల దూరం పరుగు, ఒక స్తంభం దూరం నడక. పరుగులో ఉన్నంతసేపూ, ఏమీ లేదప్పా, ఏమీ లేదమ్మా, ఊరికే, అని కేకలు. వేగంగా వెళితే రెండో ఇంటికే కేక అడుగంటిపోయేది, కేక వినపడకపోతే డబ్బా మోగేది. కాబట్టి కేకకు తగ్గట్టు కాళ్ళను తగ్గించుకోక తప్పలేదు. నడకకు ఒక పిసరు ఎక్కువ, అంతే. గొర్రెపిల్ల కూడా నన్ను దాటిపోయేంత నెమ్మది. మన గౌరవం ఏం కావాలి అనిపించేది. కానీ విచిత్రంగా, ఆ నెమ్మదిలో స్తంభాలు పెరుగుతూ పోయాయి. రెండు నాలుగయ్యాయి, నాలుగు ఎనిమిదయ్యాయి. ఒక వారం ఎక్కువ ఆశపడి దూరాన్ని ఒక్కసారిగా సగానికి సగం పెంచితే పిక్కలు పట్టేసి మూడు రోజులు మంచం దిగలేదు. అప్పటి నుంచి వారానికి పదో వంతు మించి పెంచకూడదని నాకు నేనే హద్దు పెట్టుకున్నాను. ప్రతి నాలుగో వారం పెంచకపోగా కొంచెం తగ్గించేవాణ్ణి కూడా. లెక్క నాకు అప్పుడు పనికొచ్చింది, ముందుకు తోయడానికి కాదు, వెనక్కి పట్టుకోవడానికి.

జవాబులు కూడా మెల్లగా మారుతూ వచ్చాయి. మొదట్లో విసుగ్గా సరే సరే అనేవాళ్ళు, తర్వాత తర్వాత లోపలి నుంచే పరాచికాలాడేవాళ్ళు.

"లేదా? అయితే ఇంగ కొంచేపు పండుకుంటా పో," అనేవాడు చిన్నాయన.

అవ్వ, తన ఇంటి ముందు నేను కాస్త ఆలస్యమైతే, "ఏం రా, ఈ పొద్దు ఏనుగ కూడా నిద్ర లేచింది, నువ్వు లేవలేదా?" అనేది.

చివరి ఇల్లు మాదే. నాయన మొదట అరుగు మీద నుంచి చెయ్యి ఊపేవాడు. కొన్నాళ్ళకు వాకిట్లో నిలబడి ఉండేవాడు. రాగులు నూర్చి గాదెల్లోకి ఎత్తేసరికి, కర్ర పట్టుకుని మెల్లగా రోడ్డు మలుపు దాకా వచ్చి, అక్కడి బండ మీద కూర్చుని నా కోసం చూడటం మొదలుపెట్టాడు. ఆయన జబ్బు తగ్గిందని చెప్పను, అది తగ్గేది కాదు. కానీ ఏళ్ళ తర్వాత ఆయనకు పొద్దున్నే వెళ్ళాల్సిన చోటు ఒకటి దొరికింది. ఏమీ లేదు నాయనా అని నేను అనేవాణ్ణి.

"సరే. నిదానంగా పో," అనేవాడు. ఆ రెండు మాటలకు ఊపిరి చాలేది.

మూడింట రెండు అయిపోయాయన్న లెక్కలోని తప్పు కూడా ఆ రోజుల్లోనే బయటపడింది. ఒక ఆదివారం డెంకణికోటకు సైకిలు మీద వెళ్ళి వచ్చి, వాకిట్లో దాన్ని పడేసి అలాగే పరుగందుకుంటే, కాళ్ళు నావి కావు. ఎవరివో రెండు మొద్దులు తెచ్చి నడుముకు తగిలించినట్టున్నాయి. మిగిలింది మూడో వంతు కాదు, అలసిపోయిన మనిషి చేయాల్సిన మూడో వంతు. దాని బరువు వేరు. అప్పటి నుంచి వారానికొకసారి సైకిలు దిగిన వెంటనే కొద్ది దూరం పరిగెత్తడం అలవాటు చేసుకున్నాను. మొదటి పది స్తంభాలూ భరించగలిగితే, మొద్దులు మళ్ళీ కాళ్ళవుతాయి. అది తెలుసుకోవడమే సగం సాధన.

పోటీ మామిడికాయల రోజుల్లో వచ్చింది. కృష్ణగిరి అంతా ఆ వాసనే. కొలనులో ఈత బావి ఈతలా ఉండదని తెలిసింది. అయినా చివరివాళ్ళలో ఒకడిగానైనా గట్టెక్కాను. సైకిలు తోటల మధ్య రోడ్డు మీద హాయిగా సాగింది. సైకిలు దిగి పరుగులోకి వచ్చేసరికి ఎండ ముదిరింది, కాళ్ళు మొద్దులయ్యాయి, మెరిసే బట్టల కుర్రవాళ్ళు ఒక్కొక్కరే నన్ను దాటి వెళ్ళసాగారు. నాలుగైదుగురు దాటాక, నాలో పాత పరుగు లేచింది. చేతులు విసిరాను, నోరు బిగించాను, వాళ్ళ వెనక పడ్డాను. ఒక మామిడి మండీ దాటేసరికి ఛాతీలో గాలి అయిపోయింది. కళ్ళు మసకేశాయి. పక్కనే మండీ వాళ్ళు వేసుకున్న కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది. ఆ ఖాళీ కుర్చీని ఎంతసేపు చూశానో తెలియదు. కూర్చుంటే లేవనని మాత్రం తెలుసు.

అప్పుడు, ఎవరూ అడక్కుండానే, నోరు దానంతటదే తెరుచుకుంది. "ఏమీ లేదప్పా, ఏమీ లేదు," అన్నాను. మొదటిసారి గాలి ఒక్కటే వచ్చింది. రెండోసారి సగం మాట వచ్చింది. మాట పూర్తిగా వచ్చేదాకా కాళ్ళను తగ్గించాను, వచ్చాక ఆ వేగాన్నే పట్టుకున్నాను. ఏమీ లేదమ్మా, ఊరికే. నీళ్ళు అందించే తమిళపు అమ్మాయి కంగారుపడి "ఎన్న సార్, ఎన్న ఆచ్చు?" అని, ఏమైందో కనుక్కుంటూ పక్కనే నాలుగడుగులు వచ్చింది. ఆమెకు కూడా అదే చెప్పాను. తోటల కాపలావాళ్ళు కంచె మీదుగా తలలెత్తి చూశారు. నన్ను దాటిన కుర్రవాళ్ళలో ఇద్దరు అవతల నడుస్తూ కనిపించారు. వాళ్ళకూ అదే చెప్పుకుంటూ దాటిపోయాను. ఎన్నో స్థానమో అడగకండి, లెక్కల మనిషినై ఉండి కూడా అది నేను చూసుకోలేదు. ఆగకుండా వచ్చాను, గడువులోపల వచ్చాను.

గీత దాటగానే మా అమ్మాయి పరిగెత్తుకొచ్చి ఫోను నా చెవికి పెట్టింది. అవతల నాయన. ఆయన పొద్దున్నుంచి ఫోను పట్టుకుని మలుపులోని బండ మీదే కూర్చున్నాడట.

"ఏమన్నా వచ్చిందా?" అని అడిగాడు.

"ఏమీ లేదు నాయనా. ఊరికే పరిగెత్తినాను. అయిదు కిలోమీటర్లూ పరిగెత్తినాను."

అవతల ఆయన ఊపిరి తీసుకోవడం వినిపించింది. తర్వాత, "నీ మాట తెగలేదే," అన్నాడు.

నాయన ఆ తర్వాత కొన్నేళ్ళు మలుపు దాకా వస్తూనే ఉండి, ఒక వానాకాలంలో వెళ్ళిపోయాడు. నా నలభై ఎనిమిదో ఏడు వచ్చింది, పోయింది. ఆ ఏడు కూడా పరిగెత్తాను గనుక ప్రత్యేకంగా ఏమీ జరగలేదు. ఇప్పుడు యాభై ఆరు. హోసూరుకు మారాక కూడా పల్లెకు వెళ్ళినప్పుడల్లా ఆ రోడ్డు మీదే పరుగు. ఏనుగులు ఇప్పటికీ రాగులకు వస్తూనే ఉన్నాయి, కానీ ఆ కబురు ఇప్పుడు ఫోన్లలో వస్తుంది. ఏ చేను, ఎన్ని ఏనుగులు, అన్నీ ముందే తెలిసిపోతాయి. రేకుడబ్బాలు మోగవు. అది మంచిదే, ప్రాణాలు నిలుస్తున్నాయి. పోలీసు ఉద్యోగాల కోసం పిల్లలు తెల్లవారుజామున అదే రోడ్డు మీద వరుసగా, చప్పుడు లేకుండా పరిగెత్తుతారు. ఆడపిల్లలు కూడా. ఎవరూ తలుపు తీసి చూడరు, ఎవరినీ ఎవరూ కొడవలి ఇచ్చి ఎగతాళి చేయరు. మా కాలంలో భయానికి మాత్రమే పరిగెత్తిన ఊళ్ళో ఇప్పుడు ఇష్టానికి పరిగెత్తుతున్నారంటే నాకు నిజంగా సంతోషమే.

నిన్న ఆ అమ్మాయి గట్టు చుట్టి మళ్ళీ వచ్చేసరికి నేనూ లేచి పరుగులో ఉన్నాను. నా పెదవులు కదలడం చూసిందేమో, ఒక చెవిలోది తీసి, "ఏమంకుల్?" అంది. "ఏమీ లేదమ్మా, ఊరికే," అన్నాను. నవ్వి, మళ్ళీ చెవిలో పెట్టుకుని సాగిపోయింది. ఆమె వెనక ఏముందో చూసేవాళ్ళు ఈ గట్టు మీద నేనొక్కణ్ణే. ఆ రోజుల్లో ఒక మనిషి పరిగెత్తితే ఊరంతా లేచి వాడి వెనక్కి చూసేది. నడవలేని మనిషి కూడా కర్ర పట్టుకుని అడ్డం వచ్చేవాడు. ఇప్పుడు ఎవరి పరుగు వాళ్ళది. నేను మాత్రం పల్లెకు వెళ్ళినప్పుడు ఆ మలుపు దగ్గరికి రాగానే గొంతు పెంచి, ఏమీ లేదు నాయనా అంటాను, అని, బండ వైపు చూస్తూ ఒక్క అడుగు నెమ్మదిస్తాను. జవాబు వినకుండా దాటకూడదన్నది ఆ ఊరి షరతు కదా.